రైలెక్కే పొగరాయుళ్ళకు నికోటిన్ గమ్: ఎలా నమిలితే పనిచేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

సికింద్రాబాద్‌లో పొద్దున్నే తిరుపతి వందేభారత్ ఎక్కితే దిగేసరికి ఎనిమిది గంటలు దాటుతుంది. దారిలో నల్గొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు లాంటి కొద్ది స్టేషన్లలో తప్ప ఆగదు. ఆగినా కిందికి దిగి ఒళ్ళు విరుచుకునేంత సేపు ఆగదు. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, కిటికీ అద్దాలు తెరుచుకోవు. రోజుకు పది సిగరెట్లు కాల్చే మనిషికి ఈ ఎనిమిది గంటల్లో నాలుగైదు బాకీ పడతాయి. దిగి కొండెక్కుదామంటే అలిపిరిలో సోదా, పైన పూర్తి నిషేధం. ఆ బాకీ తీర్చుకోవడానికి మెడికల్ షాపుల్లో దొరికే వస్తువు నికోటిన్ గమ్, అంటే సిగరెట్‌లో అలవాటు చేసే నికోటిన్‌ను పొగ లేకుండా నోటి నుంచి అందించే బిళ్ళ.

సిగరెట్ పూర్తిగా మానడానికి ఇది ఎంత సాయపడుతుందన్నది పెద్ద విషయం, దానికి వారాల లెక్క ఉంటుంది. ఇక్కడ చూసేది చిన్న విషయం. తాగనివ్వని చోట, తాగకుండా, పక్కవాళ్ళ మీద విసుక్కోకుండా ఆ కొన్ని గంటలు గడిపిస్తుందా? గడిపిస్తుంది. కాకపోతే మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేస్తే గడిపించదు. "కొన్నాను, నమిలాను, ఎక్కిళ్ళు తప్ప ఏమీ రాలేదు" అనేవాళ్ళు ఎక్కువగా చేసేది ఆ తప్పే.

జనం ఈ గమ్ దాకా ఎందుకొస్తున్నారో ముందు చూడాలి. రూలు కొత్తదేమీ కాదు. 1989 నాటి రైల్వే చట్టం 167వ సెక్షన్ కింద బోగీలో పొగ తాగితే వంద రూపాయల దాకా జరిమానా. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, దాని కింద 2008 అక్టోబర్ 2న అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో తాగితే రెండు వందల దాకా. ఇన్నేళ్ళూ జనం దీన్ని తీసుకున్న తీరు తెలిసిందే. "రెండొందలే కదా, మొహాన కొడదాం" అనేవాళ్ళు కొందరు. తలుపు దగ్గర నిలబడి "పొగంతా బయటికే పోతోందిగా" అనేవాళ్ళు ఇంకొందరు. నడుస్తున్న బండిలో తలుపు దగ్గర గాలి లోపలికి కూడా కొడుతుంది, తలుపు తీసిన ప్రతిసారీ ఆ పొగ బోగీలోకి వచ్చి కూర్చుంటుంది. పక్క సీట్లో చంటిపిల్లతో ఉన్నావిడ కొంగు అడ్డం పెట్టుకుంటుందే తప్ప నోరు విప్పదు, విప్పితే "ఈ రైలు మీదేనా?" అనిపించుకోవాలి. టీసీ చూసీ చూడనట్టు వెళ్ళిపోతే అక్కడికి అదో సర్దుబాటు.

సెన్సర్‌తో ఆ సర్దుబాటు కుదరదు. ఏసీ బోగీల్లో పొగను పసిగట్టే పరికరాలు పెట్టి, అలారం మోగితే బ్రేకులు పడేలా అమర్చుతున్నారు. వందేభారత్‌లో అదనంగా మంటలార్పే మందును తనంతట తానే చిమ్మే ఏర్పాటు ఉంది. 2023 ఆగస్టులో తిరుపతి నుంచి సికింద్రాబాద్ వస్తున్న వందేభారత్‌లో, టికెట్ లేకుండా ఎక్కి టాయిలెట్‌లో గడియ పెట్టుకున్న ఒక మనిషి సిగరెట్ వెలిగించాడు. గూడూరు దాటాక అలారం మోగింది, మందు చిమ్మింది, దాని తెల్లటి పొగే బోగీని కమ్మేసింది. నిప్పంటుకుందని జనం హడలిపోయి గార్డుకు చెబితే బండి మనుబోలు దగ్గర ఆగింది. అద్దం పగలగొట్టి చూస్తే లోపల మంట లేదు, మనిషి ఉన్నాడు. ఇలాంటి కబురు విన్నప్పుడు "ఒక్క సిగరెట్‌కే బండి ఆపేస్తే ఎట్లా" అనేవాళ్ళు ఉంటారు. సిగరెట్ పొగనీ వైరు కాలిన పొగనీ విడదీసి చూస్తూ కూర్చోవడం ఆ పరికరం పని కాదు, అలా చూసే పరికరాన్ని నమ్ముకుని నిద్రపోలేం కూడా.

జనం ఫిర్యాదుల్లో ఒకటి మాత్రం న్యాయంగానే ఉంది. 2008 నిబంధనలు పొగ తాగడానికి వేరే గది పెట్టుకోవచ్చని విమానాశ్రయాలకు, ముప్ఫై గదులు అంతకు పైన ఉన్న హోటళ్ళకు, ముప్ఫై మంది అంతకు పైన కూర్చునే రెస్టారెంట్లకు చెప్పాయి. రైల్వే స్టేషన్ ఆ జాబితాలో లేదు. విమానం ఎక్కేవాడికి అద్దాల గది, రైలెక్కేవాడికి స్టేషన్ గేటు బయట ఆటోల పక్కన రోడ్డు. దుకాణంలో పన్ను కట్టించుకుని అమ్మిన వస్తువును ఎక్కడ కాల్చుకోవాలో చెప్పకపోతే, ప్లాట్‌ఫాం చివర నీళ్ళ ట్యాంకు చాటున కాలుస్తారు. జరిగేది అదే. ఈ ఫిర్యాదుకు గమ్ జవాబు చెప్పదు గానీ పని జరిపిస్తుంది.

తమాషా ఏమిటంటే ఈ గమ్ పుట్టిందే ఇలాంటి నిషేధం వల్ల. 1960ల చివర్లో స్వీడన్ నౌకాదళంలో సబ్‌మెరైన్ మీద పనిచేసేవాళ్ళు లోపల పొగ తాగే వీల్లేక నోట్లో పొగాకు పెట్టుకునేవారు. అది గమనించిన లుండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ సంగతి ఓవే ఫెర్నో అనే మందుల కంపెనీ శాస్త్రవేత్తకు చెప్పారు. నోటి నుంచే నికోటిన్ అందించవచ్చన్న ఆలోచన అక్కడ మొదలై ఈ గమ్‌గా తేలింది. అమెరికాలో 1984లో అనుమతి దొరికింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అంటే తలుపులు తెరుచుకోని డబ్బాలో గంటల తరబడి కూర్చునేవాళ్ళ కోసం ఆలోచించిన సరుకు ఇది. వందేభారత్‌కి సరిగ్గా సరిపోతుంది.

ఇక సరుకు సంగతి. మన షాపుల్లో ‘నికోటెక్స్’ అంటే కౌంటర్ దగ్గర వెంటనే అర్థమవుతుంది, అది సిప్లా వాళ్ళది. వేరే కంపెనీలవీ ఉన్నాయి. పుదీనా, దాల్చినచెక్క, పాన్ రుచుల్లో వస్తాయి. 2 మిల్లీగ్రాముల గమ్‌కు డాక్టర్ చీటీ అడగరు, 4 మిల్లీగ్రాములకు చీటీ కావాలి. ఒక్కో బిళ్ళ పది పన్నెండు రూపాయలు అటూ ఇటూగా పడుతుంది. దీని స్ట్రిప్ మాత్రల స్ట్రిప్‌లా మెత్తగా నొక్కితే ఊడదు. వెనక రేకు మందంగా ఉంటుంది, చిన్నపిల్లలు తీసుకోకూడదని అలా చేస్తారు. బొటనవేలితో గట్టిగా నొక్కాలి, లేదంటే అంచు దగ్గర గోటితో రేకు చీల్చాలి. ఊగే బండిలో చీకట్లో కొంచెం చిరాకే. నోట్లో వేసుకోగానే పైపూత తియ్యగా తగులుతుంది. పది పదిహేను సార్లు నమిలేసరికి ఆ తీపి వెనక నుంచి మిరియం కొరికినట్టు చురుకు మొదలవుతుంది. ఆ చురుకే నికోటిన్.

సరిగ్గా అక్కడ ఆపాలి. నమలడం ఆపి, బిళ్ళను చెంపకూ చిగురుకూ మధ్య ఒదిగించి పెట్టుకోవాలి, తాంబూలం దవడన పెట్టుకున్నట్టు. ఒక నిమిషానికి చురుకు తగ్గిపోతుంది. అప్పుడు మళ్ళీ నెమ్మదిగా నాలుగైదు నములుళ్ళు, మళ్ళీ చురుకు, ఈసారి రెండో వైపు చెంపలో. ఇలా అరగంట. ఆ తర్వాత ఎంత నమిలినా చురుకు రాదు, అప్పుడు కాగితంలో చుట్టి పారేయాలి. మామూలు చూయింగ్ గమ్ అలవాటున్న దవడ ఊరుకోదు, మాట్లాడుతూ మాట్లాడుతూ తెలియకుండానే చకచకా నమిలేస్తుంది. మొదటి రెండు మూడు బిళ్ళలు వాచీ చూసుకుంటూ నమిలితే గానీ ఈ పద్ధతి పట్టుబడదు.

పద్ధతి ఎందుకింత పట్టింపు అంటే, ఈ నికోటిన్ లోపలికి వెళ్ళాల్సింది చెంప లోపలి పల్చని పొర గుండా. గబగబా నమిలితే ఒక్కసారిగా ఊరిన నికోటిన్ ఉమ్మితో కలిసి కడుపులోకి పోతుంది. అక్కడ పీల్చుకున్నదాన్ని కాలేయం చాలావరకు విరిచేస్తుంది, తలకు చేరేది తక్కువ. కడుపుకు మాత్రం మంట, ఎక్కిళ్ళు, వికారం మిగులుతాయి. గమ్ పనిచేయలేదనీ, పైగా ఎక్కిళ్ళు తెచ్చిందనీ రెండు ఫిర్యాదులూ ఒకే మనిషి చేస్తాడు. రెండింటికీ కారణం ఒకటే.

రెండో తప్పు కాఫీ. ఇది తెలిసినవాళ్ళు చాలా తక్కువ. నికోటిన్ క్షార గుణం ఉన్న పదార్థం. నోరు కాస్త క్షారంగా ఉంటేనే చెంప గుండా జారుతుంది. అందుకే బిళ్ళలోనే సోడియం కార్బనేట్ లాంటివి కలుపుతారు. కాఫీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం, పండ్లరసం తాగితే నోరు పులుపెక్కిపోయి ఆ దారి మూసుకుంటుంది. బిళ్ళ వేసుకునే ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. సిగరెట్ తాగేవాడికి కాఫీ కప్పు చూడగానే చెయ్యి జేబులోకి పోతుంది. కాఫీ తాగుతూ గమ్ నమిలితే సరిపోతుందనుకోవడం సహజం. అలా చేసినవాడికి కాఫీ దక్కుతుంది, నికోటిన్ దక్కదు. ప్రయాణాల్లో తినే పులిహోరా అంతే, చింతపండు పులుపు నోట్లో ఉండగా వేసుకున్న బిళ్ళ దండగ. తిన్నాక నీళ్ళతో పుక్కిలించి పావుగంట ఆగితే చాలు.

మూడోది సమయం. సిగరెట్ పీలిస్తే నికోటిన్ సెకన్లలో తలకెక్కుతుంది. గమ్‌తో రక్తంలో అది పెరగడానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది, రెండు మిల్లీగ్రాముల్లో లోపలికి చేరేది ఇంచుమించు సగం. కాబట్టి తల పట్టేసి, కాలు ఊపడం మొదలై, ఎదుటివాళ్ళ ఫోన్ రింగ్‌టోన్ మీద కోపం వచ్చాక వేసుకుంటే ఆలస్యమైనట్టే. ఒంట్లో చేరిన నికోటిన్ రెండు గంటలకు సగానికి పడిపోతుంది. ఆ లెక్కన గంటన్నర, రెండు గంటలకో బిళ్ళ, సిగరెట్ మీదికి మనసు లాగినా లాగకపోయినా వేసుకుంటూ పోవాలి.

తిరుపతి వందేభారత్‌కి ఈ లెక్క ఇలా కుదురుతుంది. స్టేషన్‌కి వచ్చే ముందు బయట ఆఖరి సిగరెట్ కాల్చేసి వస్తారు ఎలాగూ. బండి కదిలాక టీ, టిఫిన్ వస్తాయి. వాటిని కానిచ్చి, పుక్కిలించి, పావుగంట ఆగి మొదటి బిళ్ళ. నల్గొండ దాటిన కాసేపటికి దాని పని అయిపోతుంది. గుంటూరు రాకముందే రెండోది, గుంటూరు దాటాక ఒంగోలు లోపు మూడోది. భోజనం వచ్చే వేళకు నోట్లో ఏమీ లేకుండా చూసుకోవాలి, బిళ్ళను గ్లాసు అంచుకు అంటించి తిన్నాక మళ్ళీ వేసుకునే మహానుభావులున్నారు, వద్దు. తిన్న పావుగంటకు నాలుగోది, నెల్లూరు దాటాక ఇంకోటి. మొత్తం ఐదు బిళ్ళలు, అంటే యాభై అరవై రూపాయలు. జరిమానాకంటే చవక. మామూలు రైల్లో రాత్రి ప్రయాణమైతే పడుకునే ముందు ఒకటి, లేచాక ఒకటి చాలు. నిద్రలో నోట్లో పెట్టుకుని పడుకోకూడదు, గొంతులో అడ్డం పడుతుంది.

2 కావాలా 4 కావాలా అన్నది తేల్చడానికి ఒక సులువైన కొలత ఉంది. పొద్దున్న లేచిన అరగంట లోపు మొదటి సిగరెట్ వెలిగించే మనిషికి 2 సరిపోకపోవచ్చు. అలాంటివాళ్ళు ప్రయాణానికి రెండు రోజుల ముందే డాక్టర్ దగ్గరికి వెళ్ళి 4 రాయించుకోవాలి. చీటీ లేక, 2 మిల్లీగ్రాములవి రెండు బిళ్ళలు ఒకేసారి నోట్లో వేసుకోవడం వల్ల ఉమ్మి ఎక్కువ ఊరి, కడుపులోకి పోయేదే ఎక్కువవుతుంది. లేచిన రెండు మూడు గంటలకు గానీ సిగరెట్ జోలికి పోనివాళ్ళు 4 తీసుకుంటే తల తిరిగి, చెమటలు పట్టి, గుండె దడదడలాడుతుంది. రోజుకు 24 బిళ్ళలు దాటకూడదన్నది పై హద్దు. ఈ రైలు ప్రయాణంలో అందులో మూడో వంతు కూడా అక్కర్లేదు.

విమానంలో కథ కొంచెం వేరు. లైటర్, అగ్గిపెట్టె మన విమానాశ్రయాల్లో చేతి సంచిలోనూ ఒప్పుకోరు, లగేజీలోనూ ఒప్పుకోరు. గమ్‌కు ఆ ఇబ్బంది లేదు, పెట్టెతో సహా జేబులో పెట్టుకోవచ్చు. విమానం టాయిలెట్ తలుపు మీదో పక్కనో చిన్న యాష్‌ట్రే కనిపిస్తుంది, దాన్ని చూసి "తాగొచ్చేమో" అని ఆశపడేవాళ్ళున్నారు. నిషేధం ఉన్నా ఆ యాష్‌ట్రే తప్పనిసరి. ఎవడైనా దొంగచాటుగా వెలిగిస్తే పీకను కాగితాల బుట్టలో పడేయకుండా ఉండడానికి అది. 1973 జూలైలో పారిస్ దగ్గర వారిగ్ కంపెనీ విమానంలో మంట మొదలైంది టాయిలెట్ చెత్తబుట్టలోనే, 123 మంది పోయారు. ఆర్పని సిగరెట్ పీకే కారణమై ఉండొచ్చన్నారు. సెన్సర్ విషయంలో విమాన సిబ్బంది ఎందుకంత కఠినంగా ఉంటారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

హైదరాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటలు, అక్కణ్నుంచి డాలస్ పదిహేను గంటల పైన. దుబాయ్, దోహా విమానాశ్రయాల్లో పొగ గదులున్నాయి. అమెరికా విమానాశ్రయాల్లో అవి చాలావరకు తీసేశారు, అట్లాంటా 2020లో మూసేసింది. పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు ఈ తేడా తెలియక ‘దిగాక తాగొచ్చులే’ అనుకుని ఇమిగ్రేషన్ క్యూలో ఇంకో రెండు గంటలు విలవిల్లాడతారు. దూర ప్రయాణానికి పది పన్నెండు బిళ్ళలు చేతి సంచిలో ఉండాలి, లగేజీలో కాదు. ఇంకో సంగతి, విమానం కిందికి దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేయకుండా ఏదో ఒకటి నములుతూ మింగుతూ ఉండమంటారు. దానికి ఈ గమ్ వాడొద్దు. చెవుల కోసం చకచకా నమలాలి, దీన్ని చకచకా నమలకూడదు. మామూలు పిప్పరమెంటు చాలు.

సింగపూర్ వెళ్ళేవాళ్ళు విడిగా జాగ్రత్తపడాలి. అక్కడ 1992 నుంచి చూయింగ్ గమ్ అమ్మకాలు నిషేధం. 2004 నుంచి వైద్యానికి వాడే గమ్‌ను మాత్రం ఫార్మసిస్టు, దంతవైద్యుడు ఇవ్వవచ్చన్నారు. డాక్టర్ చీటీ, అసలు పెట్టె లేకుండా విడి బిళ్ళలు జేబులో వేసుకెళ్ళి అక్కడ వాదన పెట్టుకోవడం కంటే ఆ ప్రయాణానికి ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ మేలు.

గమ్ బదులు వేప్, అంటే ఈ-సిగరెట్, పట్టుకెళ్దామనేవాళ్ళకు ఒక మాట. అమెరికాలోనో లండన్‌లోనో పెట్రోలు బంకులో దొరికేది ఇక్కడికి తేవడానికి లేదు. 2019 చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నింటినీ నిషేధించింది. దిగుమతికి మొదటిసారి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. "పొగ కాదు కదా, ఆవిరే కదా" అన్న వాదన చట్టం దగ్గరా చెల్లదు, విమానం టాయిలెట్ సెన్సర్ దగ్గరా చెల్లదు.

తిరుమల దగ్గర గమ్‌కు నా మార్కులు తగ్గుతాయి. అలిపిరి సోదాలో సిగరెట్, బీడీ, గుట్కా, మద్యం తీసేస్తారు, కొండ మీద అవి నిషేధం. గమ్ మందు కాబట్టి పెట్టెతో ఉంచుకోవాలి, అడిగితే చూపించాలి. కానీ నడకదారిన వెళ్ళేవాళ్ళకు అలిపిరి నుంచి 3550 మెట్లు. ఎక్కుతూ ఎక్కుతూ గమ్ నమిలితే అసలే పరిగెడుతున్న గుండెకు నికోటిన్ ఇంకో తరుము. నోరు ఎండిపోయి బిళ్ళ సరిగా ఊరదు కూడా. కంపార్ట్‌మెంట్లలో గంటల నిరీక్షణలో ఎవరి దవడన ఏముందో అని పక్కవాళ్ళు అనుమానంగా చూస్తారు, స్వామి ముందు నోట్లో ఏదో పెట్టుకుని నిలబడడం ఎవరికైనా మనసొప్పదు.

అక్కడికి ప్యాచ్ నయం. డాక్టర్ని అడిగి మోతాదు తేల్చుకుని, పొద్దున్నే స్నానం చేసి ఒళ్ళు బాగా తుడుచుకున్నాక, వెంట్రుకలు లేని చోట, భుజం కింద గానీ ఛాతీ పక్కన గానీ అంటించి అరచేత్తో పది సెకన్లు అదిమి పట్టాలి. పని మొదలవడానికి కొన్ని గంటలు పడుతుంది, మొదలయ్యాక రోజంతా ఉంటుంది. తిరుపతి ఎండల్లో చెమటకు అంచులు లేస్తాయి, నూనె రాసుకున్న ఒంటికి అసలు అంటదు. రేపు మళ్ళీ అదే చోట వేయకూడదు, దద్దుర్లొస్తాయి.

గమ్ ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా చెప్పాలి. కట్టుడు పళ్ళవాళ్ళకు ఇది పళ్ళకు అతుక్కుంటుంది. ఏళ్ళ తరబడి గుట్కా, ఖైనీ వేసి నోరు రెండు వేళ్ళు కూడా పట్టనంత బిగుసుకుపోయినవాళ్ళు నమలలేరు, పైగా అలాంటి నోటిని ముందు దంతవైద్యుడికి చూపించాలి. ఈ రెండు రకాల వాళ్ళకూ చప్పరించే నికోటిన్ లాజెంజ్ కుదురుతుంది, పులుపు నియమం దానికీ ఉంది. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు, గుండె లయ తప్పేవాళ్ళు, గర్భిణులు డాక్టర్ చెప్పకుండా ముట్టుకోకూడదు. కడుపులో పుండు ఉన్నవాళ్ళకు మంట పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు రీడింగ్ మామూలుకంటే ఒకసారి ఎక్కువ చూసుకోవాలి. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకు ఇవ్వకూడదు, సిగరెట్ అలవాటు లేనివాళ్ళు సరదాకి వేసుకోకూడదు.

ఇంకొకటి గమ్ వల్ల కాదు. సిగరెట్ అంటే నికోటిన్ ఒక్కటే కాదు, లేచి నాలుగడుగులు నడవడం, వేళ్ళ మధ్య ఏదో ఒకటి ఉండడం, ఇద్దరు కలిసి ఏదో మాట్లాడుకోవడం. గమ్ తలనొప్పినీ చిరాకునీ అణుస్తుంది, ఆ నాలుగడుగుల లోటు తీర్చదు. లాగుడు ఒకసారి లేస్తే మూడు నాలుగు నిమిషాల్లో దానంతటదే పడిపోతుంది. ఆ కాసేపు సీట్లోంచి లేచి బోగీ చివరిదాకా నడిచి, చల్లటి నీళ్ళతో మొహం కడుక్కొస్తే గమ్ సగం పని తేలికవుతుంది. వేళ్ళకు పని కావాలంటే పల్లీలో బఠాణీలో ఒక్కొక్కటిగా తినడం పనిచేస్తుంది, కానీ అవి తినేటప్పుడు బిళ్ళ నోట్లో ఉండకూడదని మళ్ళీ చెప్పాల్సొస్తోంది.

మార్కులంటే రైలుకి ఐదుకి నాలుగు, విమానానికి నాలుగున్నర, కొండకి రెండు. రుచి విషయంలో పుదీనా సురక్షితం. పాన్ రుచి మొదట బాగున్నా మూడో బిళ్ళకి వెగటు, పైగా పాన్ పరాగ్ అలవాటున్నవాళ్ళకు అసలు దాని మీదికే మనసు మళ్ళిస్తుంది. దాల్చినచెక్క చురుకు, నికోటిన్ చురుకు రెండూ కలిసిపోయి ఎక్కడ ఆపాలో తెలియదు, కొత్తవాళ్ళకు వద్దు. ప్రయాణాలకే కాకుండా పూర్తిగా వదిలేయాలనిపిస్తే సిగరెట్ పెట్టె మీదే 1800-11-2356 అని నంబరుంటుంది, డబ్బులు పడవు.

కొనేటప్పుడు గడువు తేదీ చూడండి, ఎక్కువగా అమ్ముడుపోని ఊళ్ళలో పాత సరుకు ఉండిపోతుంది, అది కొరకగానే పొడిపొడి అవుతుంది. ఎండాకాలం కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే రేకుకి అతుక్కుపోయి చీల్చినా రాదు. నమిలేసిన బిళ్ళలో ఇంకా నికోటిన్ మిగిలే ఉంటుంది. సీటు కింద అంటించినా, ముందు సీటు వెనక జాలీలో పడేసినా పాకే వయసు పిల్లల చేతికి దొరుకుతుంది. వందేభారత్‌లో టిఫిన్‌తో ఇచ్చే టిష్యూ ఒకటి దాచుకుని అందులో చుట్టి, టాయిలెట్ దగ్గరున్న చెత్తబుట్టలో వేయండి.